నాలుగు గొంతులే మద్దెల: గోల్డెన్ గేట్ క్వార్టెట్‌పై పాఠకుల ప్రశ్నలు

గత సంచికలో గోల్డెన్ గేట్ క్వార్టెట్ గురించి పావు పేజీ రాశాం. వాద్యాల తోడు లేకుండా బైబిలు కథలు పాడి అమెరికాను ఊపేసిన నలుగురు నల్లజాతి గాయకులు, 1937లో తొలి రికార్డు, చివరికి పారిస్‌లో స్థిరపడటం, అంతవరకే. ఆ కాస్తకే ఉత్తరాలు బాగా వచ్చాయి. పాడాలనుకునేవాళ్ల ప్రశ్నలకు ఈసారి ఎక్కువ చోటిస్తున్నాం.

పేరు చూస్తే శాన్‌ఫ్రాన్సిస్కో వంతెన గుర్తొస్తోంది. వీళ్లు అక్కడివాళ్లేనా? ఎలా మొదలయ్యారు? — విశాఖపట్నం పాఠకుడు

కాదండి. శాన్‌ఫ్రాన్సిస్కో పడమటి తీరం. వీళ్లది తూర్పు తీరాన వర్జీనియా రాష్ట్రంలోని నార్‌ఫోక్. మీ విశాఖలాగే నౌకాదళపు రేవు పట్టణం. అప్పట్లో అక్కడి నల్లజాతి పేటల్లో నలుగురు కలిస్తే క్వార్టెట్ కట్టడం మామూలు సంగతి. మంగలి షాపుల్లో, చర్చిల్లో, బళ్లలో ఎక్కడ చూసినా నాలుగు గొంతుల పాటే. 1920ల్లోనే నార్‌ఫోక్ బృందాల రికార్డులు బజారులో ఉండేవి.

1930ల మొదట్లో మంగలి షాపు నడుపుకునే ఎడ్డీ గ్రిఫిన్, ఒంటికాలి బేస్ (అడుగు గొంతు) గాయకుడు రాబర్ట్ ఫోర్డ్ కలిసి ఈ జట్టు కట్టారు. బుకర్ టి. వాషింగ్టన్ హైస్కూల్లో పాడుతున్న ఇద్దరు కుర్రాళ్లను, హెన్రీ ఓవెన్స్‌నీ విల్లీ జాన్సన్‌నీ, చేర్చుకున్నారు. ఊళ్లు తిరగాల్సిన రోజు వచ్చేసరికి పెద్దవాళ్లిద్దరూ తప్పుకున్నారు. గ్రిఫిన్ చోట్లోకి విలియం లాంగ్‌ఫర్డ్, ఫోర్డ్ చోట్లోకి ఓర్లాండస్ విల్సన్ వచ్చారు. విల్సన్‌కు అప్పటికి ఇరవై ఏళ్లు కూడా లేవు. లాంగ్‌ఫర్డ్, ఓవెన్స్ టెనర్లు, అంటే పై గొంతులు. జాన్సన్ బారిటోన్, మధ్య గొంతు, కథ చెప్పేదీ ఆయనే. విల్సన్ బేస్. మనకు తెలిసిన గోల్డెన్ గేట్ ఈ నలుగురే.

తర్వాత రేడియో. దక్షిణ కరోలినాలోని కొలంబియా స్టేషన్‌లో పాడి, అక్కణ్నుంచి ఉత్తర కరోలినాలోని షార్లెట్‌కు, డబ్ల్యూబీటీ స్టేషన్‌కు వెళ్లారు. అది 50,000 వాట్ల స్టేషన్. రాత్రిపూట ఎన్నో రాష్ట్రాల అవతల కూడా వినబడేది. రోజూ రేడియోలో పాడే జట్టుకు పాత పాటలతో పూట గడవదు. కొత్త పాట కట్టాలి, దాన్ని నిమిషాల లెక్కన కుదించాలి, తప్పు లేకుండా పాడాలి. ఆ సాధన ఫలితం 1937 ఆగస్టు 4న కనబడింది. షార్లెట్ హోటల్లో బ్లూబర్డ్ కంపెనీ కోసం దాదాపు రెండు గంటల్లో 14 పాటలు రికార్డు చేశారు. అప్పుడు టేపు లేదు, అతుకులు లేవు. పాట మూడు నిమిషాల లోపు ముగియాలి, ఒక్కరు తడబడితే ఆ మైనపు పలక పారేసి మళ్లీ మొదలెట్టాలి. అలాంటిది రెండు గంటల్లో 14 పాటలంటే వాళ్ల తయారీ ఎంత గట్టిదో ఆలోచించండి.

మొదట్లో వీళ్ల పేరులో ‘జూబిలీ’ ఉందన్నారు. మనకు జూబిలీ అంటే పాతికేళ్ల, యాభై ఏళ్ల పండుగ. పాటకూ దానికీ ఏమిటి సంబంధం? — ఒంగోలు పాఠకురాలు

మీ ఇంట్లో తెలుగు బైబిలు ఉంటే లేవీయకాండం 25వ అధ్యాయం తీయండి. యాభయ్యవ ఏట బానిసలకు విడుదల చాటించాలని ఉంటుంది. ఇంగ్లీషులో జూబిలీ అన్న ఆ సంవత్సరాన్ని మన అనువాదకులు ‘సునాదం’ అన్నారు. విడుదలను మంచి ధ్వని అనడం ఎంత బాగుందో!

టెనెసీ రాష్ట్రం నాష్‌విల్‌లో, బానిసత్వం నుంచి బయటపడ్డ వాళ్ల చదువు కోసం 1866లో ఫిస్క్ పాఠశాల తెరిచారు. కొన్నేళ్లకే డబ్బులేక మూతపడే స్థితికి వచ్చింది. కోశాధికారి జార్జ్ వైట్ 1871 అక్టోబరులో కొందరు విద్యార్థులను వెంటబెట్టుకుని పాట కచేరీలతో విరాళాలు పోగుచేయడానికి బయల్దేరాడు. లేవీయకాండంలోని ఆ మాటనే ఆయన జట్టుకు పేరుగా పెట్టాడు. వాళ్లలో చాలామంది బానిసలుగా పుట్టినవాళ్లే. తోటల్లో అమ్మమ్మలు పాడుకున్న పాటలను వాళ్లు వేదిక మీదికి తెచ్చారు. తర్వాత ఫ్రెడరిక్ లౌడిన్ నాయకత్వంలో 1884లో బయల్దేరిన జూబిలీ బృందం ప్రపంచం చుట్టి మన దేశానికి కూడా వచ్చింది, తాజ్‌మహల్ దగ్గర పాడింది.

అక్కణ్నుంచి ఆ పాటలు పాడే ప్రతి జట్టూ జూబిలీ జట్టే అయింది. అయితే ఫిస్క్‌వాళ్లది నిలకడైన కచేరీ పద్ధతి. నార్‌ఫోక్ కుర్రాళ్లు ఆ పాటలకు కాళ్లిచ్చి నడిపించారు, పరుగెత్తించారు. అదే కాలంలో గాజంత నున్నగా పాడే మిల్స్ సోదరులు రేడియోలో బాకాలనూ ట్రాంబోన్‌నూ నోటితో పలికించేవాళ్లు. ఆ విద్య కూడా గోల్డెన్ గేట్‌వాళ్లకు వంటబట్టింది. తొలి రికార్డుల్లోని సువార్త రైలు పాట వినండి. కూత, గంట, చక్రాల చప్పుడు అన్నీ నోటివే.

యోనా పాటలో వెనక డ్రమ్స్ లాంటివి వినిపిస్తున్నాయి. వాద్యాలు లేవని ఎలా అన్నారు? — ఖమ్మం పాఠకుడు

1937 నాటి రికార్డులో డ్రమ్స్ లేవు, గిటారు కూడా లేదు. మీరు విన్నది గొంతులే. వీళ్లకు రికార్డుల్లో వాద్యాలు తోడైంది తర్వాతి రోజుల్లో.

ఈ భ్రమ ఎలా పుడుతుందో దగ్గరగా చూద్దాం. నాలుగు దెబ్బల లెక్క వేయండి. ఒకటి, మూడు దెబ్బల మీద బేస్ పడుతుంది. మాట పొట్టిది, చివర పెదవులు టక్కున మూసుకుంటాయి, అందుకే డప్పు దెబ్బలా ఉంటుంది. రెండు, నాలుగు మీద ఇద్దరు కలిసి ఒక ముక్క పలుకుతారు. అందులో త, క, ప లాంటి హల్లులను గట్టిగా కొట్టి అచ్చును వెంటనే వదిలేస్తారు. ఊపిరి పీల్చే చోటు కూడా లెక్కలోదే. నలుగురూ ఒకేసారి ఆగి పీల్చినప్పుడు వచ్చే ఖాళీ కూడా చెవికి ఒక దెబ్బే. వీటన్నిటి మీదా జాన్సన్ మాటకూ పాటకూ మధ్య గొంతుతో కథ నడుపుతాడు.

ఇది తెలుగువాళ్లకు కొత్త కాకూడదు. బుర్రకథలో కథకుడు తంబురా పట్టుకుని కథ చెబుతుంటే అటూ ఇటూ వంతలు డక్కీలతో ‘తందాన తాన’ అంటారు. జాన్సన్ మన కథకుడు, మిగతా ముగ్గురు వంతలు. ఒక్క తేడా ఉంది. మన వంతలు చరణం ముగిసేదాకా ఆగి అందుకుంటారు. వీళ్ల వంతలు కథ కింద ఎడతెగకుండా నడుస్తూనే ఉంటారు, డక్కీ పని కూడా వాళ్ల నోటిదే. గోల్డెన్ గేట్ గొప్పతనం తీపి గొంతుల్లో ఉందని చాలామంది రాస్తారు. అంతకంటే తీయని గొంతులు ఆ రోజుల్లో ఎన్నో ఉన్నాయి. ఇంత ఖచ్చితంగా తాళం నడిపిన గొంతులు లేవు. ఆ జట్టు ఎక్కిన ప్రతి మెట్టూ ఆ లయ మీదే ఎక్కింది.

‘ప్రపంచపు తొలి ర్యాప్ పాట’ అంటూ నోవహు గురించి పాడే నలుగురి వీడియో ఒకటి అందరూ పంచుకుంటున్నారు. అది గోల్డెన్ గేట్‌వాళ్లదేనా? — హైదరాబాద్ పాఠకుడు

అది జూబలేర్స్ అనే మరో జట్టు. వాళ్లు నోవహు పాటను 1946లో రికార్డు చేశారు. గోల్డెన్ గేట్‌వాళ్లు 1939లోనే అదే కథను పాడారు. రెండూ పక్కపక్కన పెట్టి వింటే ఎవరి అడుగుజాడల్లో ఎవరు నడిచారో తెలుస్తుంది. గందరగోళానికి ఇంకో కారణం, విల్లీ జాన్సన్ 1948లో గోల్డెన్ గేట్‌ను వదిలి ఆ జూబలేర్స్‌కే నాయకుడయ్యాడు.

తొలి ర్యాప్ అనడం మాత్రం సరికాదు. ర్యాప్ 1970ల్లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ పేటలో, రికార్డు ప్లేయర్ల మీద తాళపు ముక్కలను తిప్పితిప్పి వాయించే పద్ధతి నుంచి వచ్చింది. జాన్సన్ పద్ధతికి మూలం నల్లజాతి చర్చి ప్రసంగం. బోధకుడు మామూలుగా మాట్లాడుతూ మొదలుపెట్టి, వేడెక్కేకొద్దీ మాటను తాళంలోకి దించి, చివరకు పాడేస్తాడు. జాన్సన్ ఆ మెట్లన్నిటినీ మూడు నిమిషాల్లో ఎక్కి చూపాడు. లయలో అంత్యప్రాసతో కథ చెప్పే అలవాటు ర్యాప్‌కు ఎంతో ముందే ఆ జాతి నోట ఉందంటే అది నిజం.

ఒక చర్చి జట్టు రాష్ట్రపతి స్థాయి సభల్లోకీ సినిమాల్లోకీ ఎలా వెళ్లింది? — కర్నూలు పాఠకురాలు

వరసగా చెబుతాం. 1939 డిసెంబరు 24న న్యూయార్క్ కార్నెగీ హాల్లో రికార్డుల నిర్మాత జాన్ హామండ్ ఏర్పాటు చేసిన నల్లజాతి సంగీత కచేరీలో పాడారు. ఆ పరిచయంతో గ్రీనిచ్ విలేజ్‌లోని కెఫే సొసైటీలో చోటు దొరికింది. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ పక్కపక్కన కూర్చునే క్లబ్బు అది. అప్పటి న్యూయార్క్‌లో అలాంటిది అరుదు. భక్తి పాటలు మందు గ్లాసుల మధ్య ఏమిటని చర్చి పెద్దలకు కష్టంగానే ఉండేది. కానీ యోనా కథను అంత మంది కొత్తవాళ్ల ముందు చెప్పే అవకాశం చర్చిలో దొరికేది కాదు. ఈ విషయంలో మేం జట్టు పక్షమే.

ఆ సమయానికే లాంగ్‌ఫర్డ్ వెళ్లిపోయి క్లైడ్ రిడిక్ వచ్చాడు. 1940లో జానపద గాయకుడు లెడ్ బెల్లీ వెనక జైలు పాటలకు వంత పాడి రికార్డులిచ్చారు. అదే ఏడు డిసెంబరు 20న వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో, బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ రాజ్యాంగ సవరణకు 75 ఏళ్లు నిండిన సందర్భంగా, గాయకుడు జాష్ వైట్‌తో కలిసి పాడారు.

తర్వాతిది 1941 జనవరి. రూజ్‌వెల్ట్ మూడోసారి అధ్యక్షుడిగా ప్రమాణం చేస్తున్న వేళ కాన్‌స్టిట్యూషన్ హాల్లో జరిగిన ఉత్సవంలో వీళ్ల పాట. ఆ హాలు సంగతి తెలిస్తేనే దీని బరువు తెలుస్తుంది. రెండేళ్ల కిందట, 1939లో, ప్రసిద్ధ గాయని మారియన్ ఆండర్సన్‌కు నల్లజాతి మనిషన్న కారణంగా ఆ హాలు తలుపులు మూశారు. దానికి నిరసనగా అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ ఆ హాలు యజమానులైన మహిళా సంఘం నుంచి రాజీనామా చేసింది. ఆండర్సన్ ఆరుబయట లింకన్ స్మారకం మెట్ల మీద 75,000 మంది ముందు పాడింది. అదే హాల్లోకి ఈ నలుగురూ పాడుతూ నడిచారు.

యుద్ధకాలంలో హాలీవుడ్ పిలిచింది. 1942 నుంచి 1948 దాకా నాలుగైదు సినిమాల్లో కనిపిస్తారు. 1943లో జాన్సన్ హిట్లర్‌ను నిలువరించిన స్టాలిన్‌ను పొగుడుతూ ఒక పాట కట్టాడు. అప్పుడు రష్యా అమెరికాకు మిత్రదేశం. నాలుగేళ్లు తిరక్కుండానే రెండు దేశాలూ బద్ధశత్రువులయ్యాయి, ఆ పాటను వేదిక మీద పాడే వీలే లేకపోయింది. హిరోషిమా తర్వాత అణుబాంబు మీద ఆదాము హవ్వల మాటలతో శ్లేష కట్టిన పాట మాత్రం ఇప్పటికీ పాతబడలేదు.

అంత పేరున్నవాళ్లు సొంత దేశంలో ఎందుకు నిలవలేదు? సోల్ స్టిరర్స్ లాంటి జట్లవాళ్లు ముందుకు ఎలా వెళ్లిపోయారు? — సికింద్రాబాద్ పాఠకుడు

యుద్ధం తర్వాత చర్చిల్లో రుచి మారింది. లయ కంటే గుండె కోత కావాల్సొచ్చింది. గాయకుడు అరవాలి, మోకాళ్ల మీద పడాలి, జనం ఏడవాలి. టెక్సాస్‌లో 1926లో మొదలైన సోల్ స్టిరర్స్‌లో ఆర్. హెచ్. హారిస్ దానికి కొత్త దారి వేశాడు. ఒకరు లీడ్ (ప్రధాన వరస) పాడుతుంటే రెండో లీడ్ అందుకుని పాటను ఇంకో మెట్టు ఎక్కిస్తాడు. దానికి ఐదో మనిషి కావాలి. లీడ్‌లు ఇద్దరు ఉన్నా వెనక నాలుగు వేర్వేరు స్వరాలు కలిసే హార్మనీ తగ్గకూడదు కదా. అందుకే పేరుకు క్వార్టెట్, మనుషులు ఐదుగురు. హారిస్ తప్పుకున్నాక ఆ చోట్లోకి వచ్చిన పందొమ్మిదేళ్ల కుర్రాడే, తర్వాత సోల్ సంగీతంలో పెద్ద పేరు తెచ్చుకున్న సామ్ కుక్.

గోల్డెన్ గేట్ నలుగురి అల్లికే. అందులో ఒక్కరు అరిచినా అల్లిక తెగుతుంది. జాన్సన్ 1948లో, ఓవెన్స్ 1950లో వెళ్లిపోయాక ఆ అల్లిక పలచబడింది కూడా. 1955లో యూరప్ పర్యటనకు వెళితే అక్కడ హాళ్లు నిండాయి. నల్లవాళ్లకు వేరే తలుపు, వేరే హోటలు అనే బాధ కూడా అక్కడ లేదు. 1959లో పారిస్‌లో కాసినో ద పారీ రెండేళ్ల ఒప్పందం ఇవ్వడంతో అక్కడే ఉండిపోయారు. ఆ ఏడు జూన్‌లో, జర్మనీలో సైనికుడిగా ఉన్న ఎల్విస్ ప్రెస్లీ సెలవు మీద పారిస్ వచ్చి వాళ్లను వెతుక్కుంటూ వెళ్లి కలిశాడు. తర్వాత అతను రికార్డు చేసిన భక్తి పాటల్లో వీళ్లు ముందే పాడినవి చాలానే ఉన్నాయి.

ఓర్లాండస్ విల్సన్ 1998 డిసెంబరులో చనిపోయేదాకా జట్టును నడిపాడు. అరవై ఏళ్లకు పైగా ఒకే జట్టుకు ఒకే బేస్! ఆయన బంధువు, 1971లో చేరిన పాల్ బ్రెంబ్లీ ఆ తర్వాత పగ్గాలు అందుకున్నాడు.

ఇంటర్నెట్‌లో దొరికిన పాటకు హార్మోనియం కలవడం లేదు. రెండు మెట్ల మధ్య ఎక్కడో ఉంటోంది. లోపం ఎక్కడ? — కాకినాడ పాఠకుడు

మీ హార్మోనియంలోనూ లేదు, గాయకుల్లోనూ లేదు. వాద్యం లేని జట్టు ఏ శృతిలోనైనా ఎత్తుకోవచ్చు. పైగా నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులను డిజిటల్‌లోకి మార్చేటప్పుడు వేగం అటూ ఇటూ అవుతుంది. నిమిషానికి నాలుగున్నర చుట్లు ఎక్కువ తిరిగితే చాలు, శృతి ఒక అరస్వరం పెరుగుతుంది. బేస్ గొంతు గంభీరత తగ్గి సన్నగా, మాట తొందరగా ఉంటే ఎక్కువ వేగంలో మార్చారని అనుమానించాలి. ఫోన్లో తంబురా యాప్ తెరిచి, శృతిని సన్నసన్నగా జరుపుతూ పాట ‘స’కు కలిపేసుకోండి. లేదా పాట శృతి మార్చే యాప్‌లో వేగం, శృతి రెండూ కలిసి మారే పద్ధతి ఎంచుకుని 2, 3 శాతం తగ్గించి చూడండి.

మేం నలుగురం మగవాళ్లం, సంఘంలో క్వయర్‌లో ఉన్నాం. తెలుగులో ఇలా పాడాలని ఉంది. పాట ఎంపిక నుంచి మైకు దాకా చెప్పండి. ఎక్కడ దెబ్బతింటామో కూడా. — గుంటూరు పాఠకులు

మొదట పాట. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో చాలావాటికి రాగమే ప్రాణం, అందరూ కలిసి ఒకే వరస పాడే సంప్రదాయం. గమకం ఎక్కువున్న కీర్తనను నాలుగు గొంతులకు పంచితే నలుగురి గమకాలూ గుద్దుకుంటాయి. మధ్యమావతిలోది తీసుకుంటే హార్మనీకి కావలసిన గాంధారమే ఆ రాగంలో లేదు. శంకరాభరణానికి దగ్గరగా ఉండి, స్వరాలు నిలకడగా పలికే పాట ఎంచుకోండి. పాత కీర్తనను విరిచే కంటే యోనా, షద్రకు, యెహోషువ లాంటి కథ ఒకటి కొత్తగా కట్టుకోవడం మేలు.

తర్వాత శృతి. ఎప్పుడూ బేస్‌ను బట్టి పెట్టాలి. ఆయన దిగగలిగిన అట్టడుగు స్వరం లెక్కలోకి రాదు, గది చివరకు మాట స్పష్టంగా వినబడే స్వరం చూడండి. దానికి ఒక పూర్తి స్వరం పైన మంద్ర పంచమం పెట్టుకోండి. చాలా జట్లకు ఇది రెండు, రెండున్నర శృతి దగ్గర తేలుతుంది. లీడ్‌కు సుఖంగా ఉందని నాలుగో ఐదో శృతి పెడితే పై టెనర్ గొంతు చీరుకుపోతుంది.

పంపకం ఇలా. పాటలో ఎక్కువ చోట్ల మూడే గుంపులు పనిచేస్తాయి: స-గ-ప, మ-ద-స, ప-ని-రి. లీడ్ పాడే స్వరం ఏ గుంపులో ఉందో చూడండి. ఆ గుంపులో లీడ్‌కు వెంటనే పైనున్న స్వరం టెనర్‌ది, వెంటనే కిందిది బారిటోన్‌ది. బేస్ గుంపులో మొదటి స్వరం మీద నిలబడాలి. లీడ్ పై ‘స’లో ఉంటే టెనర్ పై ‘గ’లో, బారిటోన్ ‘ప’లో, బేస్ కింది ‘స’లో. చరణం చివర ‘ప-ని-రి’ గుంపుకు ‘మ’ కలిపితే నలుగురికీ తలా ఒకటి వస్తుంది, పాట ‘స’ మీదికి దానంతటదే లాగుతుంది. బారిటోన్ భాగం విడిగా వింటే పాటలాగే ఉండదు, అందుకే దాన్ని స్వరజ్ఞానం బాగా ఉన్నవాడికే ఇవ్వాలి. సాధారణంగా మిగిలినవాడికి ఇస్తారు, జట్టు అక్కడే కూలుతుంది.

గాంధారాన్ని హార్మోనియంతో సరిచూడకండి. హార్మోనియం గాంధారం అసలు దానికంటే కాస్త పైన ఉంటుంది. అరస్వరాన్ని 100 భాగాలు చేస్తే సుమారు 14 భాగాలంత. తంబురా మీటినప్పుడు తనంతట తాను పలికే అంతర గాంధారమే సరైనది. టెనర్ దాన్ని పట్టుకున్న క్షణం నలుగురి మధ్య ఐదో గొంతు మోగినట్టు గుంయ్ అంటుంది. ఆ మోత రానంత వరకు మాటల జోలికి వెళ్లొద్దు.

ఇక లయ. మన సంఘాల్లో చప్పట్లు ఒకటి, మూడు మీద పడతాయి. ఇక్కడ పాదం ఒకటి, మూడు మీద, చప్పట్లు రెండు, నాలుగు మీద. పదిహేను నిమిషాలు పాట లేకుండా ఇదే చేయండి. ఒక్కొక్క దెబ్బనూ తిశ్రంలో ‘త-కి-ట’ అని మూడుగా విడదీసి, మధ్య ‘కి’ని మింగేయండి. ‘త..ట త..ట’ అన్న ఆ ఊపులోనే మాటలు పడాలి. నిమిషానికి 80 దెబ్బలతో మొదలుపెట్టి, వారానికి నాలుగైదు పెంచుకుంటూ పోండి. కొత్త జట్లన్నీ రెండో చరణానికల్లా పరుగెత్తుతాయి. ఎందుకంటే ఎవరో ఒకరు ఊపిరి కోసం ముందే మాట ముగించేస్తారు. ఊపిరి చోట్లు కాగితం మీద గుర్తు పెట్టుకుంటే సగం పరుగు ఆగుతుంది.

మాటల దగ్గర తెలుగుకు ఒక చిక్కుంది. మనది అజంత భాష. ఇంగ్లీషు పదం హల్లుతో టక్కున ఆగి దెబ్బలా పడుతుంది, మన పదం అచ్చుతో సాగిపోతుంది. అందుకే ఇంగ్లీషు పాటను మాటకు మాట తెనిగిస్తే చప్పబడుతుంది. మందు మన భాషలోనే ఉంది. ఒత్తులున్న మాటలు, ద్విత్వాలు వెతకండి. ఉదాహరణకు:

ఓడ ఎక్కె యోనా, ఒడ్డు విడిచె యోనా,
అడ్డుపడ్డ గాలి, అల్లలాడె ఓడ,
నిద్దరోయె యోనా, నిబ్బరంగ యోనా.

ఒడ్డు, అడ్డుపడ్డ, అల్లల, నిద్దర, నిబ్బరం అన్న చోట్ల ఒత్తు దెబ్బ మీద పడుతోంది. వంతలు ప్రతి పాదం కిందా ‘ఎక్కె-ఎక్కె’, ‘అడ్డు-అడ్డు’ అని ఆ ముక్కనే రెండు, నాలుగు దెబ్బల మీద కొట్టాలి. బేస్ ‘దుమ్’ అన్నప్పుడు ‘మ్’ను సాగదీయకుండా పెదవులు మూసి ఆపేయాలి. సాగితే తర్వాతి దెబ్బ మసకబారుతుంది.

శృతి జారడం అందరికీ వచ్చే జబ్బు. పాట మొదటి స్వరాన్నీ చివరి స్వరాన్నీ ఫోన్లో రికార్డు చేసి తంబురాతో పోల్చండి. అరస్వరం దిగి ఉంటే ముందు అనుమానించాల్సింది ఒకే స్వరాన్ని పదేపదే కొట్టే వంతలను. ప్రతి దెబ్బకూ వెంట్రుకవాసి దిగుతూ వస్తారు. తిరిగి కొట్టే ప్రతిసారీ ఆ స్వరాన్ని కొంచెం పైనుంచి అందుకుంటున్నట్టు అనుకోమనండి. రెండో అనుమానం బేస్ మీద. ఊపిరి అయిపోతున్నప్పుడు ఆయన దిగితే, పైవాళ్లు ముగ్గురూ ఆయన వెంటే దిగుతారు. అంత చేసినా జారుతుంటే పాటను అరశృతి పైన ఎత్తుకోండి. చాలా జట్లకు గొంతు బిగువు అక్కడే కుదురుతుంది.

మైకు ఒక్కటి చాలు. అర్ధచంద్రాకారంలో నిలబడండి, ఒకరినొకరు చూసుకోవాలి. లీడ్ మైకుకు అడుగు దూరంలో, బేస్ అడుగున్నరలో, టెనర్, బారిటోన్ రెండు అడుగుల్లో. పై టెనర్ గొంతు దూసుకుపోతుంది కాబట్టి అతణ్ని ఇంకాస్త వెనక్కి పంపినా తప్పులేదు. కథ చెప్పేవాడు మారితే మైకును తిప్పొద్దు, మనుషులే ఒక అడుగు ముందుకూ వెనక్కూ మారాలి. సౌండ్ చూసే అబ్బాయికి ముందే గట్టిగా చెప్పండి, ఎకో మొత్తం తీసేయమని. మన సభల్లో ఎకో లేనిదే మైకు పెట్టరు. ఎకోలో ఒక దెబ్బ మోత తర్వాతి దెబ్బ మీద పడి, మీరు నెలలు కష్టపడ్డ ‘త..ట’ మొత్తం ముద్దయిపోతుంది.

ముందు ఏ రికార్డులు వినాలి? — నెల్లూరు పాఠకుడు

1937 నుంచి 1940 దాకా వచ్చిన బ్లూబర్డ్ రికార్డులు. సువార్త రైలు, యోనా, యోబు, నోవహు, ఈ నాలుగూ చాలు. మొదటిసారి జాన్సన్ కథను వినండి. రెండోసారి ఆయన్ను వదిలేసి బేస్‌ను మాత్రమే పట్టుకుని, వేలితో తాళం వేస్తూ చివరిదాకా వెళ్లండి. తర్వాత 1946 నాటి షద్రకు పాట తీసి అదే పని చేయండి. తొమ్మిదేళ్లలో విల్సన్ ‘దుమ్’ ఎంత చిన్నదై ఎంత బరువెక్కిందో మీ వేలికే తెలుస్తుంది.